డ్యాష్‌బోర్డు మీద దీపం

పదకొండేళ్లలో తిమ్మరాజు చేతి నుంచి ఒక్క అబద్ధపు ముల్లు కూడా తప్పించుకుపోలేదు. హోసూరులో కార్ల మీటర్లు తయారు చేసే ఫ్యాక్టరీలో అతడు చెకింగ్ సెక్షన్లో పని చేసేవాడు. పెట్రోలు సగమే ఉంటే ముప్పాతిక చూపించే మీటరు గానీ, వెలగాల్సినప్పుడు వెలగని బల్బు గానీ దొరికిందా, దయాదాక్షిణ్యం లేకుండా ఎర్ర డబ్బాలో పడేసేవాడు. మనిషి అబద్ధమాడితే సర్దుకుపోవచ్చు, మీటరు ఆడితే మాత్రం క్షమించకూడదని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేవాడు. అంతటివాణ్ని వేప్పనపల్లిలో అతడి తల్లి చౌడమ్మ ఒకే ఒక్క ప్రశ్నతో చతికిలబడేలా చేసింది. ఇది 1998 నాటి సంగతి.

చౌడమ్మకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి పొర కమ్ముకుంది. ఇంకా ఆలస్యం చేస్తే ఇది కూడా దక్కదని డాక్టరు తేల్చేశాడు. ఆదివారం కృష్ణగిరిలో కంటి ఆపరేషన్ల క్యాంపు ఉంది. పొద్దున ఎనిమిదికల్లా పేరు రాయించుకోవాలి, తప్పితే మళ్లీ ఏడాది దాకా క్యాంపు లేదు. బస్సెక్కితే ఆమెకు వాంతులు. అందుకని తిమ్మరాజు తను ఈమధ్యే కొన్న పాత కారును శనివారమే హోసూరు నుంచి ఊరికి తెచ్చాడు.

అలవాటవుతుందని ఆ మధ్యాహ్నమే తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాడు. అద్దంలోంచి చెట్టూ గోడా ఏదీ ఆనని ఆ కంటికి, ఎదురుగా ఎర్రగా వెలిగిన గుర్తొకటి మాత్రం ఆనింది. ప్రమిదలాంటి ఆకారం, మూతి దగ్గర ఒక చుక్క.

"బండిలో దీపం పెట్టినారే! ఎవురో గానీ చేసినోళ్లు మంచోళ్లురా," అని చేతులు జోడించింది.

ఇంజను స్టార్టయింది. దీపం ఆరిపోయింది. చౌడమ్మ తలుపు తడుముకుని దిగిపోయింది.

"బయలుదేరేటప్పుడు దీపం కొండెక్కె. నేను రాను."

"అది దీపం కాదమ్మా, ఆయిల్ గుర్తు. ఇంజన్లో నూనె బాగా తిరగతా ఉంటే ఆరిపోతాది. నూనె లేకపోతే వెలగతాది."

చౌడమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నూనె ఉంటే ఆరిపోయేది, నూనె లేకపోతే వెలిగేది... అట్లాంటి దీపం యాడన్నా ఉందారా?"

ఫ్యాక్టరీలో ఇంజనీర్లు కూడా ఈ ప్రశ్న వేయలేదు.

పోనీ బస్సులో పోదామన్నాడు. ప్రయాణానికి పెట్టిన దీపమే ఆరినాక బస్సయితేనేమి, ఏనుగయితేనేమి, కృష్ణగిరికి కాలు పెట్టేది లేదంది. కోడలు భువన బతిమాలింది, ఏడ్చింది, చివరికి అలిగి పడుకుంది. ముసలామె ఇంచు కదల్లేదు.

పక్కింటి అంకప్ప వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మామిడి తోపు తగాదాలు తీర్చే పెద్దమనిషి ఆయన.

"తిమ్మరాజప్పా, ఇంజను స్టార్ట్ చేస్తేనే కదా దీపం ఆరేది? చేయకుంటే పోయె. తోసుకొని పోదాం."

తిమ్మరాజు వెతికి చూశాడు, ఆ మాటలో తప్పు దొరకలేదు. తాళం తిప్పి ఉంచారు. దీపం వెలుగుతూ ఉంది. తొమ్మిది మంది మగవాళ్లు వెనకనుంచి తోస్తుంటే, చౌడమ్మ ఉత్సవ విగ్రహంలా ముందు సీట్లో కూర్చుని ఊరి చివరి దాకా ఊరేగింది. ఆమెకు ఆ బండి ఎంతో నచ్చింది. చప్పుడు లేదు, కుదుపు లేదు, పొగ వాసన లేదు. ఎత్తు రాగానే తొమ్మిది మందీ రోడ్డు మీద కూలబడ్డారు. కృష్ణగిరి ఇంకా పాతిక కిలోమీటర్లుంది.

"పొద్దున ఇంకా కొంచెం మందిని పిలుస్తాం లేమ్మా," అన్నాడు అంకప్ప ఆయాసపడుతూ.

ఆదివారం పొద్దున తల్లి తలంటు పోసుకుంటుండగా తిమ్మరాజు బానెట్ ఎత్తాడు. ఆయిల్ స్విచ్చికి పోయే తీగను పీకి, కొసను ఇంజను ఇనుముకు గట్టిగా కట్టేశాడు. ఇక నూనె ఉన్నా లేకున్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. బానెట్ మూశాడు. తల్లి కన్ను కోసమే చేశాడు. అయినా, చేజేతులా ఒక మీటరు చేత అబద్ధం చెప్పించానని సిగ్గుతో చచ్చిపోయాడు.

చౌడమ్మ సీట్లో కూర్చుంది. ఇంజను స్టార్టయింది. దీపం ఆరలేదు.

"చూస్తివా? పొద్దున నేను మొక్కుకున్నాలే. పోనీ," అంది.

ఊరు దాటాక గుంతల రోడ్డులో బండి కింద ఏదో రాయి ఠంగుమంది. తిమ్మరాజు పట్టించుకోలేదు. టైము ఏడు కావస్తోంది. గురుబరపల్లి కనబడుతుండగా చౌడమ్మ సంచిలోంచి ఆముదం సీసా తీసింది.

"బండి నిలుపు. దీపానికి నూనె పొయ్యాల."

"దానికి అక్కర్లేదమ్మా."

"ఊరి కాడ్నుంచి వెలగతానే ఉండాది. వెలిగే దీపానికి నూనె పొయ్యకుంటే ఎట్లరా? దిగు."

"టైమయిపోతాంది మా!"

"నిలపకుంటే నేనే దూకతాను."

దూకినా దూకుతుంది. తిమ్మరాజు పళ్లు కొరుక్కుంటూ ఆపి, సీసా పట్టుకుని దిగి, బానెట్ ఎత్తి దాని చాటున నిలబడ్డాడు. అంకెలు లెక్కబెట్టి, పోశానని చెప్పి వచ్చేద్దామనుకున్నాడు. ఊరికే నిలబడితే చేతులు ఊరుకుంటాయా! నూనె కొలిచే కడ్డీని అలవాటుగా బయటికి లాగాడు.

కడ్డీ పొడిగా ఉంది. తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ పొడే. వెనక్కి తిరిగి చూస్తే, వచ్చిన దారి పొడుగునా నల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి.

రాయి తగిలి కింది బోల్టు వదులైంది. ఇంకో రెండు కిలోమీటర్లు పోయుంటే ఇంజను బిగుసుకుపోయేది, క్యాంపు తప్పేది, అమ్మకు చీకటే మిగిలేది. చెప్పాల్సిన దీపం నోరు తనే నొక్కేశాడు. ఫ్యాక్టరీలోని ఆ ఎర్ర డబ్బాలో ముందు తనను పడేయాలనిపించింది.

రోడ్డు పక్కన షెడ్డులోనే మెకానిక్ వెంకటేశులు పళ్లు తోముకుంటున్నాడు. నోట్లో బ్రష్షుతోనే బండి కింద దూరి బోల్టు బిగించాడు, మూడు లీటర్ల ఆయిల్ పోశాడు. అంతా అయ్యాక చౌడమ్మ అద్దంలోంచి తల బయటికి పెట్టి, "నా ఆముదం పోసినారా?" అంది. వెంకటేశులు బ్రష్షు కింద పడేసుకున్నాడు. తిమ్మరాజు మారు మాట్లాడకుండా సీసా మూత తీసి, ఒక మూతెడు ఆముదం ఇంజన్లో వొంచాడు.

ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా పేరు రాయించారు.

బుధవారం కట్టు విప్పారు. నల్ల కళ్లద్దాలతో చౌడమ్మ మళ్లీ ముందు సీట్లో కూర్చుంది. తీగ ఇంకా అలాగే కట్టి ఉంది, విప్పడానికి తిమ్మరాజుకు ధైర్యం చాలలేదు. తాళం తిప్పగానే ఆమె కళ్లద్దాలు పైకెత్తి, వంగి, డ్యాష్‌బోర్డును పరీక్షగా చూసింది.

"ఒరే, ఇది దీపం కాదు కదరా! నూనె గిండి. ముక్కులోంచి చుక్క కారతా ఉండాది."

"అదేనమ్మా నేను చెప్పింది."

"గిండి ఎర్రగా మెరస్తాందంటే నూనె అడగతాందని కదా? కన్ను లేకుండానే నాకు తెలిసె. రెండు కండ్లుండి నీకెందుకు తెలీలేదు?"

తిమ్మరాజు తీగ సంగతి మొత్తం చెప్పేశాడు. ఆమె కళ్లద్దాలు కిందికి దించుకుంది. తర్వాత, "పోయి దాన్ని సరిగ్గా కట్టుకొనిరా," అంది.

దిగి, తీగ విప్పి, స్విచ్చికి తగిలించి వచ్చాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. ఎర్ర వెలుగు ఆరిపోయింది. తల్లి వైపు చూడలేకపోయాడు.

"ఆరిపోతే ఆరిపోనీలే," అంది చౌడమ్మ. "కడుపు నిండిన బిడ్డ ఏడుస్తాదా? పోనీ బండి."

తిమ్మరాజు గేరు వేశాడు గానీ ముందున్న రోడ్డు మసకమసకగా కనిపించింది.

"కండ్లు తుడుచుకోరా," అంది చౌడమ్మ. "నాకిప్పుడు అన్నీ కనబడతా ఉండాయి."