వజ్రక్క మెస్సులో మాడిన పాలు

సరుకు కొనడానికి సూరత్ వెళ్ళే వ్యాపారికి ముందు పడక, తిండి, పొద్దున తాగే చుక్క కుదరాలి. వీటిలో ఏది చెడినా ఆ రోజు బేరం చెడుతుంది. నిద్ర లేనివాడు ధరకు తొందరగా ఒప్పుకుంటాడు. ఆకలి మీద ఉన్నవాడు చీర అంచు తిప్పి చూడడు. అందుకే జమ్మికుంటలో చీరల దుకాణం పెట్టినప్పటి నుంచి మిగతా అన్నిటిలో పొదుపు చేశాను గానీ వీటిలో చేయలేదు.

పడక స్టేషను దగ్గరి లాడ్జిలో, రెండో అంతస్తు, వీధి వైపు కిటికీ. బంధువుల ఇళ్ళలో దిగను. ఒక రాత్రి నిద్రకు బదులు వాళ్ళింటి పెళ్ళికి చీరలన్నీ కొన్న ధరకే ఇవ్వాల్సి వస్తుంది. దానికంటే లాడ్జి చవక. ఇక పొద్దున చుక్క అంటే కాఫీ, అది నాదే. పట్టు కోసం కంచికి తిరిగిన రోజుల్లో అంటుకున్న అలవాటు. ఎక్కడికి వెళ్ళినా సంచిలో స్టీలు ఫిల్టరు, పొడి డబ్బా ఉంటాయి. సూరత్ చాయ్ తాగే ఊరు. అక్కడ కాఫీ అడిగితే ఐసు వేసి పొడుగాటి గ్లాసులో ఇస్తారు.

తిండి మాత్రం సూరత్‌లో మన మగ్గాలవాళ్ళు ఉండే గోడాదరాలో, వజ్రక్క మెస్సులోనే. ఆవిరి మీద ఉడికించిన శనగపిండి లోచో మీద కారం చల్లి వేడివేడిగా ఇస్తే నేనూ తింటాను, కానీ పప్పులో బెల్లం వేసే ఊళ్ళో రెండు పూటలు నెట్టుకురాలేను. వజ్రక్క మా కరీంనగర్ వైపు ఆడమనిషి. భర్త పోయాక మగ్గాల మీద పనిచేసే మనవాళ్ళకు వండిపెడుతూ బిడ్డ జమునను పెంచింది. ఆమె పొయ్యి పైన అరలో మార్కండేయ స్వామి పటం ఉంటుంది. స్వామికి పెట్టకముందు వంట ఎవరూ నోట్లో పెట్టకూడదు, ఆమె కూడా. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, మూత తీసి ఆవిరి పీల్చి చెప్పేది. "నాలుకకు తాకితే ఎంగిలి తమ్మీ, ముక్కుకు తాకితే ఎంగిలెట్లయితది?" అనేది. పులుసు ఆవిరిలో చింతపండు ఎంత ఎగురుతోందో చూసి ఉప్పు వేసేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

కరోనా వచ్చిన రెండో ఏడు, మార్చి నెల. ముందటి ఏడు పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయి, ఈ ఏడుకు కలిసి వచ్చాయి. దుకాణంలో అరలు ఖాళీ. మార్కెట్లు మళ్ళీ మూస్తారన్న మాట వినగానే బండెక్కాను. సూరత్‌లో దిగితే నేను ఎప్పుడూ దిగే లాడ్జివాడు బయటి రాష్ట్రం మనిషికి గది లేదన్నాడు. ఇన్నేళ్ళ ఖాతాదారుణ్ణి, మాస్కు మీద కళ్ళు చూసి కూడా గుర్తుపట్టనట్టే మాట్లాడాడు.

చివరికి వజ్రక్కే దారి చూపింది. మెస్సు పక్క గదిలో లస్మయ్య ఉంటాడు, మగ్గం మీద రాత్రి షిఫ్టు. అతని మంచం రాత్రంతా ఖాళీ.

"పండుకో సేటూ, కని నేను వచ్చేసరికి లేవాలె. మంచం చల్లారొద్దు," అన్నాడు లస్మయ్య. "గోడాదరాల మంచానికి భీ రెండు షిఫ్టులు."

పొద్దున అతను నూలు పీచుతో తెల్లబడ్డ తలతో వచ్చేవాడు, నేను లేచేవాణ్ణి. నా దిండుకు అతని నూనె వాసన, అతనికి నా పౌడరు వాసన. నిద్ర పట్టేది కాదు. రోజంతా మార్కెట్లో ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి పరుగు. ఇవాళ తెరిచినవాడు రేపు తెరుస్తాడో లేదో. చేతిలో చీర, చెవిలో ఫోను. నిలబడితే కూర్చోవాలనిపించేది, కూర్చుంటే లేవాలనిపించేది.

ఎలాగైతేనేం సరుకు ట్రాన్స్‌పోర్టులో వేశాను. మర్నాటి సాయంత్రం బండికి టికెట్ తీసుకుని మెస్సుకు వచ్చాను. ఆ పూట పులుసు నోట్లో పెట్టుకోలేకపోయాను.

"ఏందక్కా, సముద్రం దగ్గరున్నదని గిట్ల చేసినవా?" అన్నాడు లస్మయ్య, షిఫ్టుకు వెళ్ళేముందు తింటూ.

"నీ నోరే ఉప్పగున్నది పో," అంది వజ్రక్క. అందరూ నవ్వారు. ఆమె నవ్వు మాత్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది.

మర్నాడు పొద్దున డికాక్షన్ దిగిన ఫిల్టరు, పొడి డబ్బా పట్టుకుని మెస్సుకు వెళుతుంటే సందులోకే మాడు వాసన కొట్టింది. లోపల పాలు పొంగి, గిన్నె అడుగంటి, పొయ్యి చుట్టూ నల్లగా కారాయి. వజ్రక్క ఆ పొయ్యికి ఒక జానెడు దూరంలో నిలబడి ప్రశాంతంగా ఉల్లిగడ్డ తరుగుతోంది. నన్ను చూసి ఆ పాలే గ్లాసులో పోసి, డికాక్షన్ కలిపి చేతికిచ్చింది.

ఒక గుక్క తాగి గ్లాసు దించాను. సరుకు మీద అనుమానం వస్తే అమ్మేవాణ్ణి అడగకూడదు, సరుకునే పరీక్షించాలి. అరలో ఉన్న ఇంగువ డబ్బాలోంచి ఒక ముక్క తీసి కాగితంలో చుట్టాను.

"అక్కా, జర ఈ కాఫీ పొడి చూడు. ముక్కిపోయినట్టుందా?"

పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. "కమ్మగున్నది తమ్మీ."

"అది ఇంగువ."

ఆమె పొట్లం విప్పి చూసింది. కత్తి కింద పెట్టి, ముందు వీధి తలుపు వేసింది.

"మెల్లగ మాట్లాడు. మొన్నటి సంది గిట్లనే ఉన్నది. ఒళ్ళు వెచ్చగ లేదు, దగ్గు లేదు. వాసనే పోయింది."

"మరి వండుతున్నవేంది? తినేటోళ్ళ గతేంది?"

"పొయ్యి ఆర్పితే నా గతేంది?" అంది. "ఒక్క పూట పొయ్యి ఆరితే ఇంకో మెస్సుకు పోతరు. పోయినోడు మళ్ళ రాడు. నీకెరుకలేదా? ఈ పొయ్యి మీదనే ఈ గది, దీని మీదనే జమున. నువ్వు సాయంత్రం బండెక్కుతవు, చెప్పకుంటె ఎవరికీ తెల్వది."

నేను సందులోకి వచ్చి అటు చివర నుంచి ఇటు చివరకు నడిచాను. చెబితే ఆమె పొయ్యి ఆరుతుంది. చెప్పకపోతే ఆ చేతి తిండి తిని వీళ్ళు మగ్గాల మధ్యకు వెళతారు, ఒకడి ఊపిరి ఒకడికి తగిలేంత ఇరుకులోకి. బండెక్కితే, నాకూ అంటి ఉంటే, బోగీ నిండా పంచుకుంటూ ఇంటిదాకా మోసుకుపోతాను. ఎటు లెక్క వేసినా నష్టమే. ఎక్కడ ఆపితే నష్టం తక్కువో అదే చూడాలి.

తిరిగి లోపలికి వెళ్ళి, "చెప్పాలె అక్కా. కని పొయ్యి ఆరొద్దు," అన్నాను.

"ఎట్ల?"

"ముందు టెస్టు కానియ్యి."

వీధి మొదట్లోకి టెస్టు బండి వచ్చింది. ముగ్గురం వరుసలో నిలబడ్డాం. వజ్రక్కకు ఉంది. జమునకు కూడా ఉంది, ఆ పిల్లకు ముక్కు, నోరు అన్నీ పనిచేస్తున్నా సరే. నాకు లేదు.

షిఫ్టు దిగి వచ్చినవాళ్ళకు మెస్సు గడపలో నిలబడి ఉన్నమాట చెప్పాను. కొందరు ఆ నిమిషమే వెళ్ళిపోయారు. తిట్టినవాళ్ళూ ఉన్నారు. వజ్రక్క లోపలి గది తలుపు వెనక నుంచి అన్నీ విన్నది.

"మరి పూటకు వండేదెవరు?" అన్నాడు లస్మయ్య.

"నేను."

"సేటూ, నీ బండి?"

"బండి రోజూ ఉంటది."

జాలిపడి చేసిన పని కాదది. ఆ మెస్సు మూతపడితే సూరత్‌లో నేను తినగలిగే అన్నం ఇంకెక్కడా లేదు. వచ్చే పదేళ్ళ ప్రయాణాలకు అది పెట్టుబడి. అలా అనుకుంటేనే నాకు చేయి ఆడింది.

వాకిట్లో పొయ్యి పెట్టాం. ఎవరూ లోపల కూర్చోరు, టిఫిను డబ్బా గడప మీద పెట్టి పక్కకు జరగాలి. తలుపు వెనక నుంచి వజ్రక్క చెబుతుంది, నేను చేస్తాను.

"ఆవాలు చిటపటమన్నయా?"

"అన్నయి."

"అబద్ధం. నాకు చెవులున్నయి. రుచి చూసినవా ఏంది? స్వామికి పెట్టకుండ ఎంగిలి చేస్తె ఊకోను!"

మూత తీసి ఆవిరి పీలిస్తే నాకు ఆవిరే తగిలింది. ఉప్పు సంగతి ఏమీ తెలియలేదు. మొదటి పూట లస్మయ్య డబ్బా తెరిచి అక్కడే నిలబడి తిన్నాడు.

"సేటూ, గిది పప్పా, చీరకు పెట్టే గంజా?"

"తింటవా, వేరే మెస్సుకు పోతవా?"

"నా మంచం మీద పండేటోడు వండితే తినకేం చేస్త," అంటూ డబ్బా మూసుకుని పోయాడు. సాయంత్రం మళ్ళీ అదే డబ్బా గడప మీద ఉంది. దాని పక్కన ఇంకొన్ని.

రోజూ పొద్దున రెండు గ్లాసుల కాఫీ లోపలి గడప దగ్గర పెట్టి దూరంగా జరిగేవాణ్ణి.

"వాసన వచ్చిందా అక్కా?"

"రాలె. వేడినీళ్ళు తాగినట్టున్నది."

"నాకైతే బరాబర్ వస్తుంది అంకుల్," అనేది జమున. "మమ్మీ కప్పు భీ నాకే ఇయ్యి, వేస్ట్ ఎందుకు?"

మా ఇంటి నుంచి ఫోన్లు. దుకాణం నుంచి ఫోన్లు. సరుకు చేరింది, నేను చేరలేదు. టికెట్ తీసేవాణ్ణి, రద్దు చేసేవాణ్ణి. గరిటె తిప్పుతున్నా కాళ్ళు వాకిట్లో నిలిచేవి కావు. వజ్రక్క పోనుపోను మాటలు తగ్గించింది. ఒకరోజు తలుపు వెనక నుంచి నెమ్మదిగా, "ముక్కు గిట్లనే ఉంటె నేనెట్ల వండుత తమ్మీ? నాలుక పెట్టను గద," అంది. అంతవరకు నేను పొయ్యినే లెక్కలో వేసుకున్నాను, ఆ ముక్కును వేసుకోలేదు.

ఒక పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి ఫోనులో బండి కోసం వెతుకుతున్నాను. ఒక్క సీటు దొరికింది. పేరు రాస్తున్నాను. పాలు పొంగిన సంగతి చూసుకోలేదు.

"తమ్మీ!" లోపలి నుంచి వజ్రక్క కేక. "పాలు మాడుతున్నయి!"

వేలు ఫోను మీదే ఆగిపోయింది. తలుపు మూసే ఉంది. లోపలికి పొయ్యి కనిపించదు.

"ఏమన్నవక్కా?"

"పాలు మాడుతున్నయి, దించు! ముక్కు లేదా నీకు?"

పొయ్యి ఆపలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె ఇంకోసారి తిట్టేదాకా పాలను మాడనిచ్చాను.