మామయ్య చేసిన పెట్టెలు

టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంపే కొత్త రిసీవర్ మోగగానే వడ్రంగి అల్లుడి ముఖం వెలిగిపోతుందనుకుంటే ముడుచుకుపోయింది. సినిమాలో నాయిక నోరు తెరిస్తే రేకు మీద మేకుతో గీసినట్టుంది.

"ఇదేంటండీ, దీనికన్నా పాతదే నయం!" అంది వడ్రంగి కూతురు మొగుడితో, చెవులు మూసుకుని.

అల్లుడు చేయాల్సిందంతా పద్ధతిగానే చేశాడు. రిసీవర్‌తో పాటు బొటనవేలంత మైకు ఒకటి వచ్చింది. స్పీకర్లు రకరకాల చప్పుళ్ళు చేస్తే ఆ మైకు వింటుంది, అది విన్నదాన్నిబట్టి రిసీవర్ గదికి తగ్గట్టు సర్దుకుంటుంది. మైకును సోఫా మధ్యలో పెట్టి, కొలత తీసేంతసేపూ గదిలో ఎవరూ ఉండకూడదని అందర్నీ మెట్ల మీదికి తరిమాడు. అన్నీ అయ్యాక వచ్చి వింటే ఇదీ వరస.

వడ్రంగి కుర్చీలోంచి కదల్లేదు. టీవీకి అటూ ఇటూ నిలబడ్డ పెట్టెలు ఆయన చేసినవే. లోపలి స్పీకర్లు కొన్నవి, చెక్కపని ఆయనది. చేతులకు వణుకు వచ్చాక కూతురి కోసం చేసిన ఆఖరి పని అది. ఆ తర్వాత మళ్ళీ ఉలి పట్టలేదు. పాత రిసీవర్‌తో మాట కాస్త ముద్దగా వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు.

అల్లుడు షాపువాడికి ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టాడు, అదే పొరపాటైంది.

"రిసీవర్ తప్పేం లేదు సార్. మంచి రిసీవర్ పెడితే స్పీకర్లలో లోపాలన్నీ బయటపడతాయి. ఇంతకీ మీవి ఏ కంపెనీవి?"

అల్లుడు మామగారి వైపు చూసి గొంతు తగ్గించాడు. "కంపెనీవి కాదు. ఇంట్లో చేసిన పెట్టెలు."

"అదీ సంగతి! ముందు వాటిని బయట పారేయండి సార్."

అల్లుడు టక్కున ఫోన్ కట్టేశాడు. "వాడి మొహం! వాడికేం తెలుసు మామయ్యా?"

వడ్రంగి లేచి వెళ్ళి పెట్టెను వేలి కణుపుతో తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. అతుకుల వెంట గోరు నడిపాడు. ఎక్కడా బీట లేదు, జిగురు విడలేదు. తప్పు కనబడకపోవడమే ఆయన్ని మరింత కుంగదీసింది. చెయ్యి ఒక్కటే పోయిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. కన్నూ పోయిందన్నమాట. ముప్పూటలా కూతురి కళ్ళెదుట ఉండే వస్తువును తగలేసి పెట్టాడన్నమాట.

"స్క్రూడ్రైవర్ ఇటివ్వు బాబూ."

"ఎందుకు మామయ్యా?"

"విప్పి పట్టుకుపోతా. మంచివి కొనుక్కోండి."

"నువ్వు ముట్టుకున్నావంటే ఊరుకోను నాన్నా!" అని కూతురు అడ్డం వచ్చింది. ఆయన పక్కనుంచి తప్పుకుని, పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

వడ్రంగి భార్య అంతసేపూ సోఫా అంచున కూర్చుని శాలువా కొస మెలిపెడుతోంది. ఆయన మొదటి స్క్రూ తిప్పేసరికి ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇదిగో, కాస్త ఆగండి. తప్పు పెట్టెలది కాదేమో. నాదేమో."

అందరూ వెనక్కి తిరిగారు.

"చీమ చిటుక్కుమన్నా ఈ మైకు పట్టేస్తుందత్తయ్యా అన్నావా నువ్వు? అంతకు ముందే నేను అమ్మాయితో మీ అమ్మగారి గురించి రెండు మాటలన్నాను. అదెక్కడ మళ్ళీ బయటికి కక్కుతుందోనని..."

"కక్కుతుందోనని?"

"మీరంతా బయటికెళ్ళాక శాలువా నాలుగు మడతలేసి కప్పా. దాని నోరు మూద్దామని. మళ్ళీ మీకన్నా ముందొచ్చి తీసేశాలే."

అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది నోరు కాదత్తయ్యా, చెవి! ఉన్ని శాలువాలోంచి ఏం వినబడుతుంది పాపం? సన్నటి చప్పుళ్ళు ఈ గదిలో అణిగిపోతున్నాయనుకుని రిసీవర్ వాటినే ఎడాపెడా పెంచేసింది. అవునూ, మా అమ్మనేమన్నారు?"

"మంచి మాటలే బాబూ."

"మంచి మాటలకి నాలుగు మడతలెందుకమ్మా?" అంది కూతురు.

రెండోసారి కొలతకు అత్తగారిని శాలువాతో సహా అందరికన్నా ముందు బయటికి నడిపించారు. వడ్రంగి మెట్ల మీద కూర్చోలేదు. లోపల స్పీకర్లు బుస్సుమన్నప్పుడల్లా తలుపు దాకా వెళ్ళి వస్తున్నాడు. శాలువా వల్ల కాకపోతే? అప్పుడిక చెప్పుకోవడానికి ఏ సాకూ మిగలదు.

లోపలికి వెళ్ళి అదే సినిమా, అదే ఘట్టం పెట్టారు. నాయిక గదిలోనే నిలబడి మాట్లాడినట్టుంది. వాన మొదలైంది. రేకుల మీద పడే చినుకు వేరుగా, ఆకుల మీద పడేది వేరుగా వినబడింది. ఉరుము ఉరిమింది. అంత ఉరుముకీ పెట్టెలు కిర్రుమనలేదు, గిలగిలమనలేదు. వాటిలో ఇంత ఉందని పాత రిసీవర్ ఎన్నడూ చెప్పలేదు. చేసినాయనకే తెలియదు.

వడ్రంగి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని కింద చాప మీద కాళ్ళు బారజాపాడు. పొద్దుటి నుంచీ ముడిపడి ఉన్న కనుబొమలు ఎప్పుడు వీడాయో ఆయనకే తెలియలేదు.

"ఎలా ఉంది మామయ్యా?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఇంకాస్త పెంచు."

కంచాలు పెట్టి ఆయన భార్య రెండుసార్లు పిలిచింది. మూడోసారి వచ్చి నెత్తి మీద నిలబడింది. "అన్నం చల్లారిపోతోంది, లేస్తారా లేదా?"

ఆయన టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఉండవే. వాన పడుతోంది."