రెండో సర్పి

తొంభై ఆరులో, ఏడో నెల కడుపుతో ఉండగా సూసన్న నడుముకి సర్పి లేచింది. కుడిపక్క వెన్ను నుంచి బొడ్డు దాకా నీటిపొక్కులు. చీర తగిలితే ప్రాణం పోయేది. అత్తగారు ఎస్తేరమ్మ నూనె రాసి ప్రార్థన చేసింది గానీ, వాళ్ళుండే రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో సగం మంది చేసే పని మాత్రం చేయనివ్వలేదు. పక్కపేట ఖరిదాలో జోగమ్మ అనే ముసలామె సర్పికి ఎర్రమన్ను పూసి, నడుము చుట్టే ఆ పాము తలా తోకా కలవకుండా మంత్రం వేస్తుంది. అది సైతాను పని అంది ఎస్తేరమ్మ. చర్చి సంఘంలో స్త్రీల కూటానికి పెద్ద మరి.

రైల్వే ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇరవై రెండేళ్లకే ఇంత సర్పి ఏమిటని రక్తం తీయించింది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ నిజానికి పోదట. నరాల్లో నక్కి ఉండి, ఒంట్లో కాపలా సడలినప్పుడు సర్పిగా లేస్తుందట. కాపలా ఎందుకు సడలిందో రెండు వారాలకి రక్తం చెప్పింది. ఎయిడ్స్ క్రిమి. బిడ్డకి రావచ్చు, రాకపోవచ్చు, కాన్పు మాత్రం ఆసుపత్రిలోనే కావాలి, నొప్పులు మొదలవగానే మెడికల్ కార్డు పట్టుకుని వచ్చెయ్యి, మీ ఆయన్ని రేపే పంపు అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

విల్‌ఫ్రెడ్ వెళ్ళలేదు. వర్క్‌షాపులో వెల్డరు, ఓవర్‌టైం ఉందన్నాడు. తల్లికి మాత్రం చెప్పాడు. గంట తిరక్కుండా కోడలి గుణం వీధిన పడింది. షెల్ఫులో ఉండే మెడికల్ కార్డు ఎస్తేరమ్మ బైబిలు అట్టలోకి వెళ్ళిపోయింది.

"నీ రోగం మా ఇంట్లో ఎందుకు? ఆదివారం సంఘం పెద్దలొస్తారు. తాల్‌బగీచాలో మీ అమ్మింటికి పోయి అక్కడే కను" అంది.

కార్డు లేకపోతే ఆసుపత్రి లేదు. సూసన్నకి ఇంకేమీ అక్కర్లేదు, ఆ కార్డు చాలు.

పొక్కులు ఎండినా మంట తగ్గక శనివారం ఆమె ఖరిదా వెళ్ళింది. జోగమ్మ మన్ను పూస్తూ మాటల్లో అనేసింది.

"మీ ఇంట్లో ఇది రెండోది పాపా. మీ ఆయనకి ఈపు మీద, ఎడంపక్క. మీ పెల్లికి ఏడాది ముందు. మీ అత్త ముసుగేసుకుని మూడు మంగలారాలు తీసుకొచ్చింది. ఆసుపత్రి కాయితం సూపించి, రగతంలో పురుగంట, దీనికీ మంతరముందేటి అనడిగింది. నేదన్నాను. పెల్లి సెయ్యకమ్మా అని కూడా అన్నాను."

ఆ మచ్చ సూసన్న ఎరగనిది కాదు. వెల్డింగు రవ్వలు పడ్డాయని పెళ్ళయిన వారానికే చెప్పాడు. రెండేళ్లుగా దానికి కొబ్బరినూనె రాస్తోంది, పిచ్చి మొహంది.

ఆదివారం సాయంత్రం ముగ్గురు పెద్దలు వచ్చి, టీ తాగి కుర్చీల్లో సర్దుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు కృపారావు గొంతు సవరించుకున్నాడో లేదో, సూసన్న లేచి వెళ్ళి భర్త చొక్కా వెనక నుంచి పైకెత్తింది. వెన్నెముక నుంచి పక్కటెముకల దాకా తెల్లగా ముడతపడ్డ పట్టీ.

"ఇది రవ్వలు కాదు, సర్పి. పెల్లికి ముందే ఈ మనిషి రగతంలో రోగముంది. మా అత్తకి తెలుసు. జోగమ్మ సెప్పింది."

కృపారావు మచ్చ వైపు చూడలేదు.

"జోగమ్మ దగ్గరికెల్లినావా?" అన్నాడు.

అంతే, విచారణ అటు తిరిగింది. బాప్తిస్మం పుచ్చుకున్న పిల్ల మన్ను పూయించుకోవడమేమిటని ఒకరు, ఆరు నెలలు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా ప్రభువు బల్లకి దూరంగా ఉంచాలని ఇంకొకరు. రోగం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

"నేనొక్కసారెల్లినాను. మా అత్త మూడుసార్లెల్లింది" అంది సూసన్న.

ఎస్తేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకి పెద్దల మనసు కరిగింది. ఇలాంటి మనసులు ఎవరి ఏడుపుకి కరగాలో బాగా ఎరుగును.

"ప్రార్థన సేసుకుందాం" అన్నాడు కృపారావు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. అలవాటైన పనే. ఆయన ప్రార్థన పావుగంటకి తక్కువ ఉండదు. ఈ కుటుంబం పరువు కాపాడమని ఆయన దేవుణ్ణి బతిమాలుతుండగా సూసన్న షెల్ఫు దగ్గరికి నడిచింది. అత్తగారి బైబిలు అట్ట తెరిచి కార్డు తీసుకుంది. వెనక్కి తిరిగితే విల్‌ఫ్రెడ్ కళ్ళు తెరిచి ఉన్నాడు. ఆమె చేతిలో కార్డు చూశాడు, కడుపు చూశాడు. నోరు తెరవబోయాడు.

తెరవలేదు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళయిన ఈ రెండేళ్లలో ఆ మనిషి ఆమెకి చేసిన మేలు అదొక్కటే.