బల్ల ఎత్తు

...అయినా ఆసుపత్రిలో నింపిన ఆ కాగితంలో అసలు ప్రశ్నే లేదు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, దిగులుగా ఉంటోందా అని డాక్టరమ్మ వరసగా అడిగింది. మిమ్మల్ని ఎవరైనా తిట్టి ఎన్నాళ్లయిందని మాత్రం అడగలేదు. అడిగుంటే తను ఠక్కున చెప్పేది: ఎనిమిది నెలలు. ప్రమాదంలో కాళ్లు పడిపోయి, ఈ చక్రాల కుర్చీలో కూర్చున్న రోజు నుంచి.

ఇరవై ఏళ్లుగా నాన్న టైలరు షాపులో కోట్లు కత్తిరిస్తున్న మనిషి. ఇప్పుడు ఏం కోసినా తమ్ముడు "బ్రహ్మాండం అక్కా" అంటాడు. ఆమె తుమ్మినా బ్రహ్మాండమనేలా ఉన్నాడు. మెచ్చుకోలు విన్నకొద్దీ తాను షాపులో ఓ బొమ్మగా మిగిలిందనిపించేది. ఇవాళ సాయంత్రం కత్తెర వాడి చేతిలో పెట్టేసి, ఇక రానని చెప్పేద్దామనుకుంది.

అంతలో సంగీతం టీచరు వచ్చి, మొన్న తీసుకెళ్లిన కోటు బల్ల మీద పడేసింది.

"ఎడం చెయ్యి అరంగుళం పొడుగు. నిద్రలో కోశావా ఏంటమ్మా?"

తమ్ముడు మిషను వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "నాదే పొరపాటండీ, నేనే కోశాను."

"నువ్వు కోసుంటే రెండు చేతులూ తప్పేవి. మీ అక్క కోత నాకు తెలీదా? ఊరుకో."

అక్కకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. తిట్టు, అచ్చమైన తిట్టు. ఎంత హాయిగా ఉందో.

"ఒరేయ్, నిజం చెప్పు. ఇలాంటివి ఇంకెన్ని?"

వాడు బుర్ర గోక్కున్నాడు. "ఏడు. ఇదొక్కటే నా కంటపడలేదు, అవన్నీ ఇంటికి పట్టుకెళ్లి సరిచేశాను. నువ్వు బాధపడతావని."

"ఏడు కోట్లు దాచావా, దొంగ సచ్చినోడా? అన్నీ ఎడం చెయ్యేనా?"

"అన్నీ."

ఆమె ఆలోచనలో పడింది. పనితనం పోతే రెండు చేతులూ తప్పాలి. గుడ్డ మడిచి రెండూ ఒకేసారి కోయడం సోమరుల పనని నాన్న నేర్పాడు. అందుకే కుడిది దగ్గరగా, ఎడమది గోడ వైపు విడిగా పరుస్తుంది. నాన్న నిలబడి కోయడానికి చేయించుకున్న బల్ల ఇది. కుర్చీలో కూర్చుంటే దాని అంచు తన ఛాతీకి తగులుతోంది. గోడ వైపు చెయ్యి చాచేసరికి సుద్దగీత వంకర పోతోంది. ఎనిమిది నెలలుగా తమ్ముడు దాచుకొచ్చిన నేరం తనది కాదు, ఈ చెక్కముక్కది.

"రంపం తేరా. దీని కాళ్లు కొయ్యాలి."

"నాన్న బల్లక్కా."

"నాన్నుంటే ఈపాటికే కోసి, ఇన్నాళ్లూ ఆగినందుకు నిన్ను నాలుగు దులిపేవాడు."

"మీ బల్ల సంగతి తర్వాత, నా కోటెప్పుడు?" అంది టీచరు.

"రేపు."

"నీ రేపంటే ఎల్లుండేగా."

"అది పాత అలవాటు. మళ్లీ మొదలెడతా లెండి."

మెడలోని టేపు తీసి, నేల నుంచి తన మోకాలి దాకా కొలుచుకుంది. మోకాళ్లు బల్ల కింద పట్టేలా దానికి నాలుగు వేళ్లు కలుపుకుంది. కుర్చీలోంచి వంగి, బల్ల కాలి మీద సుద్దతో అడ్డంగా ఒక గీత గీసింది.