నీళ్ళ క్యాన్ల చక్రవర్తి

వోల్ఫ్రామ్ తోటలో రెండు వేల నూట పదహారు నీళ్ళ క్యాన్లున్నాయి, నీళ్ళు పోద్దామంటే ఒక్క మొక్క లేదు. రేకువి, రాగివి, పింగాణీవి, కొంగ మెడంత పొడుగు మూతివి, ఎక్కడ కనబడినా వదలకుండా తెచ్చి ఇరవై రెండేళ్ళుగా పేర్చాడు. ట్రాము నడపడం మానేశాక ఆయనకు అదే ఉద్యోగమైంది. క్యాన్లు ముందు గుడిసెను ఆక్రమించాయి, తర్వాత కూరమడులను, చివరికి ఆపిల్ చెట్టు పాదును కూడా.

తోట సొంతమైతే ఎవరికీ బాధ లేకపోయేది. లైప్‌జిగ్‌లో తోటల సంఘం దగ్గర నేల కౌలుకు తీసుకున్నవాడు అందులో మూడోవంతు కూరలో పళ్ళో పండించి తీరాలి. వోల్ఫ్రామ్‌కు ఇప్పటికే రెండు నోటీసులు వచ్చాయి. మూడోది వస్తే తోట పోయినట్టే. తనిఖీ శనివారం సాయంత్రం ఐదింటికి. క్యాన్ల ప్రపంచ రికార్డు లెక్కింపు కూడా ఆ శనివారమే.

"ముందు రికార్డు కానీ, తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు వోల్ఫ్రామ్.

"ఇన్ని క్యాన్లు పెట్టుకుని తొమ్మిదేళ్ళుగా ముల్లంగి బజార్లో కొంటున్నాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ!" అంది భార్య ఎడెల్‌గార్డ్.

శనివారం పొద్దున్నే చిక్కొచ్చి పడింది. లెక్కింపుకు ఇద్దరు సాక్షులు కావాలి, ఇద్దరూ స్నేహితులు కాకూడదు. బడి పంతులు వచ్చాడు, మందుల షాపాయన జ్వరమని రాలేదు. సంఘం మొత్తంలో వోల్ఫ్రామ్‌కు స్నేహం లేనిది ఒక్కరితోనే, ఆ నోటీసులు పంపిన అధ్యక్షురాలు జీగ్లిండెతో. సిగ్గు విడిచి ఆవిడ దగ్గరికే వెళ్ళాడు.

"మీరు నా స్నేహితులు కారు కదండీ?"

"ఛ ఛ, అదేం మాటండీ! ఎన్నడూ కాను" అని ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వచ్చేసింది.

వచ్చి రికార్డు నియమాల కాగితం చదివింది. ప్రతి క్యానూ నీళ్ళు పట్టాలట, పోయాలట. ఒక్కొక్కదాన్నీ నింపి, ఒంపి చూడాల్సిందే. పక్క తోటలవాళ్ళంతా తలో చెయ్యి వేశారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా తోటల్లో చప్పుడు చేయకూడదని సంఘం నియమం కాబట్టి అందరూ అప్పటిదాకా సాసేజీలూ బంగాళాదుంపల సలాడూ తింటూ గుసగుసలాడుతూ కూర్చున్నారు. నాలుగయ్యేసరికి కారే క్యాన్లు పదకొండు తీసేస్తే రెండు వేల నూట అయిదు తేలాయి. పాత రికార్డు కంటే అయిదు ఎక్కువ. జీగ్లిండె సంతకం పెట్టి, చేయి కలిపి, రెండో జేబులోంచి కొలత టేపు తీసింది.

"ఇప్పటిదాకా సాక్షిని. ఇకమీదట అధ్యక్షురాలిని. ఐదింటికి వస్తాను."

"ఆ సంతకం తడైనా ఆరలేదండీ! కాస్త జాలి చూపించండి."

"అదీ న్యాయంగానే పెట్టాను, ఇదీ న్యాయంగానే కొలుస్తాను. విత్తనం వేసి నీళ్ళు పెట్టిన నేల సాగు కిందికే వస్తుంది. అంతకు మించి నన్నడక్కండి."

వోల్ఫ్రామ్ భార్య వైపు చూశాడు. ఎడెల్‌గార్డ్ సంచిలోంచి ముల్లంగి విత్తనాల పొట్లాలు తీసింది. తొమ్మిది. ఏటా వసంతంలో ఒకటి కొని, వేసేందుకు జానెడు చోటు లేక దాచుకున్నవి. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ మాట ఒక్కసారీ పైకి అనలేదు.

క్యాన్లు పక్కకు పెడదామంటే దారికి అడ్డం పెట్టకూడదని ఇంకో నియమం. "తీసుకుపోండి! ఎవరికెన్ని కావాలంటే అన్ని!" అని అరిచాడు.

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు. జనం చేతులకు పది, చక్రాల బండ్లలో నలభై చొప్పున ఎత్తుకుపోయారు. తన రాగి క్యాను ఎవరి భుజాన వెళ్ళిందో కూడా ఆయన చూడలేదు, పార పట్టేశాడు. సాయానికి మిగిలిన నలుగురు నేల తవ్వుతుంటే ఎడెల్‌గార్డ్ పాటలు పాడుతూ విత్తనాలు చల్లింది.

ఐదుకు పది నిమిషాలుంది. ఇక నీళ్ళు పెట్టడమే తరువాయి. వానల్లేక ఆ నెలంతా గొట్టంతో నీళ్ళు పెట్టడం నిషేధం.

"క్యాను అందుకో" అంది ఎడెల్‌గార్డ్. వోల్ఫ్రామ్ ఈ మూల నుంచి ఆ మూలకు వెతికాడు. ఒక్కటంటే ఒక్కటి లేదు. గేటు దగ్గర జీగ్లిండె టేపు కనబడుతోంది. పక్క తోటాయన కంచె దగ్గరికి పరుగెత్తాడు.

"ఒట్టోకార్, ఒక క్యాను ఇవ్వవా? పది నిమిషాల్లో ఇచ్చేస్తాను."

ఒట్టోకార్ ఇందాక ఎత్తుకొచ్చుకున్న పద్నాలుగు క్యాన్లనూ ఎగాదిగా చూసుకుని, అందులో చిన్నది ఏరి, కంచె మీదుగా అందించబోయి ఆగాడు.

"కడిగి ఇవ్వాలి సుమా! నీ చేతికి క్యానిస్తే ఇరవై రెండేళ్ళదాకా తిరిగి రాదని ఊరంతా చెప్పుకుంటారు."

"కడిగే ఇస్తాను" అన్నాడు ప్రపంచ రికార్డు వీరుడు.