బానలో నురుగు

ఏడాది పొడుగునా సైటులో ఒక్క ప్రమాదమూ జరగలేదని మెచ్చుకుని కంపెనీవాళ్ళు రాజనర్సు గ్యాంగుకు ఒక గురువారం సెలవిచ్చారు. ఊరికే సెలవిస్తే పడుకుంటారనుకున్నారో ఏమో, బస్సు కూడా పెట్టారు. ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఉత్తరంగా గంటన్నర ప్రయాణం. ముందు అల్ రువైస్‌కు ఇవతల కొత్తగా బాగుచేసిన పాత ఇల్లొకటి చూడాలి. తరువాత ఆ ఊరి రేవులో చేపల పడవలు. ఆ తరువాత బిర్యానీ పొట్లాలు. పద్దెనిమిది మందిలో చాలామంది ధ్యాస ఆ మూడోదాని మీదే ఉంది.

రాజనర్సుకు యాభై రెండేళ్ళు. నిజామాబాదు వైపు మనిషి. ఖతార్ వచ్చి ఆరేళ్ళయింది, ప్లాస్టరింగు మేస్త్రీ. అంతకుముందు ఏం చేసేవాడివని ఎవరడిగినా "చక్కెర ఫ్యాక్టరీల" అనేవాడు. అది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కనే డిస్టిలరీ ఉండేది. చెరకు రసంలోంచి చక్కెర తీసేయగా మిగిలిన నల్లటి మడ్డి గొట్టంలో గోడ దాటి అక్కడికి వచ్చేది. దాన్ని నీళ్ళతో పలచన చేసి, పెద్ద తొట్లలో పులియబెట్టి, బట్టీ ఎక్కించి రమ్ము తీసేవారు. ఆ తొట్ల దగ్గర రాజనర్సు పదకొండేళ్ళు పనిచేశాడు. అది మూతపడ్డాకే తాపీ పట్టాడు. వీసా కాగితాలు రాయించేటప్పుడు ఏజెంటు, "సారా పని చేసినవని ఆ దేశంల ఎవ్వలకు చెప్పకు, పైలం" అన్నాడు. ఆ మాట అతని మనసులో మేకు దిగినట్టు దిగింది. క్యాంపులో ఈ సంగతి తెలిసినవాడు సాయిబాబు ఒక్కడే. ఇద్దరిదీ ఒకే గది, పై మంచం కింద మంచం.

ఇంటి ముందు బస్సు దిగేసరికి గైడు ఎదురొచ్చింది. పేరు సబ్రీన్. ముప్పై ఏళ్ళుంటాయి, ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా మీద మెడలో కార్డు. మొదట హిందీలో మొదలుపెట్టి, వెనక ఇద్దరు గుసగుసలాడుకునే మాటలు చెవినబడగానే ఆగిపోయింది.

"మీరు తెలుగోళ్ళా? మాది కరీంనగరే. ఇగ తెలుగులనే చెప్త తియ్యుండ్రి."

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. నలుగురు నేపాలీలు మాత్రం ముఖాలు చూసుకున్నారు. వాళ్ళ కోసం ప్రతిమాటా మళ్ళీ హిందీలో చెప్పింది.

ముత్యాల వ్యాపారి ఇల్లట అది. వాకిలి, అతిథుల గది, వంట గది అన్నీ చూపించి చివరికి ఒక మూల గదికి తీసుకెళ్ళింది. కిటికీలు లేని చిన్న గది. తలుపు తీయగానే వేడిగాలి ముఖానికి కొట్టింది. నేలంతా సున్నంతో కట్టిన గట్లు వరసగా, నాగలి సాళ్ళ లాగా ఉన్నాయి. గట్ల మీద తాటాకు బుట్టల్లాంటి సంచులు నిలువెత్తున పేర్చి ఉన్నాయి.

"దీన్ని మద్బసా అంటరు. సంచుల నిండ ఖర్జూరాలు. పైసంచుల బరువు కింద సంచుల మీద పడుతది, గది వేడికి పాకం దానంతటదే కారుతది. ఈ సాళ్ళల్ల నుంచి పోయి ఆ మూలకు పాతిపెట్టిన బానలకు దిగుతది. పొయ్యి లేదు, మంట లేదు. ఈ ఏడాది కాయతోని నిజంగనే తీస్తున్నం, బొమ్మకు పెట్టింది కాదు. ఇప్పుడు అందరికీ రొట్టె మీద తలా ఒక చెంచ పోస్త."

వాకిట్లో బల్ల మీద రొట్టె ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. సబ్రీన్ గరిటె తీసుకుని బాన మూత ఎత్తింది.

రాజనర్సు ఆమెకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. వాసన ముందుగా తగిలింది. తీపి వాసన అందరికీ తగిలేదే. దాని వెనకాల, ముక్కు లోపల సన్నగా గిచ్చినట్టుండే ఇంకో వాసన ఉంది. ఇన్నేళ్ళయినా పొరబడే వాసన కాదది. మెడ సాచి చూశాడు. నల్లటి పాకం మీద బాన అంచు పొడుగునా తెల్లటి నురుగు. ఒక బుడగ లేచి పగిలింది. కాసేపటికి ఇంకొకటి.

ఊరుకుందామనే అనుకున్నాడు. చెప్తే ఎట్లా తెలుసని అడుగుతారు. కానీ గరిటె పాకంలో మునిగింది. వెనక నిలబడ్డవాళ్ళలో ఏడుగురు నమాజు తప్పనివాళ్ళు.

"అమ్మా, జర ఆగు. అది పొయ్యకు."

సబ్రీన్ చెయ్యి ఆగింది. "ఏమైందన్నా?"

"పులుస్తున్నది. లోపటికి నీళ్ళు పోయినయ్."

"పులిసుడేంది? పాకం ఏండ్లకేండ్లు ఉంటది, పాడుగాదని మాకు ట్రైనింగుల చెప్పిండ్రు."

"నిజమే, చిక్కటి పాకం పాడుగాదు. నీళ్ళు తగిలి పలచనైతెనే షురూ అయితది. చూడు, నురుగు."

సబ్రీన్ వంగి చూసింది. ఆమె ముఖంలో రంగు మారిపోయింది. గరిటె బాన అంచున ఆనించి, మిగతావాళ్ళకు వినబడకుండా అడిగింది. "పులిస్తే... అంటే మందు లెక్కనా?"

రాజనర్సు తలూపాడు.

"యా అల్లా! నిన్న రెండు గ్రూపులకు పోసిన అన్నా. ఒక గ్రూపుల బడిపిల్లలు. నేను గూడ నాకిన."

"భయపడకు. ఎన్నడు షురూ అయిందో చూస్త."

వేలికొసన ఒక చుక్క తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. తీపి, ఆ తరువాత సన్నటి చురుకు. పులుపు ఇంకా దిగలేదు. ఫ్యాక్టరీలో ఇలాగే తొట్టి మీదికి వంగి, ఇది పొద్దుటిదా రాత్రిదా అని చెప్పేవాడు. ఇంజనీర్లు మీటరు పెట్టి చూసినా ఒకటి రెండు గంటల కంటే తేడా వచ్చేది కాదు.

"ఒక్క రాత్రిది. ఇరవై గంటలు గూడ కాలేదు. నిన్న ఏ యాళకు పోసినవ్?"

"పొద్దుగాల పదింటికి. మల్ల పన్నెండుకు."

"అప్పటికి ఇది లేదు. నిన్న మాపటీలి ఇక్కడ నీళ్ళు ఎవ్వలన్న వాడిండ్రా?"

ఆమె గుమ్మం వైపు చూసింది. అక్కడ తడిగుడ్డ కర్ర పట్టుకుని క్లీనరు ముఖ్తార్ నిలబడి ఉన్నాడు. ఆర్మూరు కుర్రాడు, వచ్చి ఏడు నెలలే అయింది. మాటలన్నీ విన్నాడు.

"నిన్న ఇసుక గాలి కొట్టింది గదా మేడం. బంద్ చేసినంక వరండ అంత కడిగిన. లోపటికి రాలేదు నేను, ఖసమ్. గీ గడప అవతలనే కడిగిన."

సబ్రీన్ ఫోను చేసింది. అయిదు నిమిషాల్లో మేనేజరు కామేశ్వరరావు ఆఫీసు గదిలోంచి వచ్చాడు. రాజమండ్రి మనిషి, చేతిలో వాకీటాకీ. సంగతంతా విని బానలోకి చూసి, రాజనర్సు వైపు తిరిగాడు.

"ఏవండీ, మీది ప్లాస్టరింగు గ్యాంగని చెప్పిందీ అమ్మాయి. ఇది పులిసిందని మీకెలా తెలిసిందండీ?"

వాకిట్లో గ్యాంగంతా నిలబడి ఉంది. సాయిబాబు దూరం నుంచే వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఇక్కడ దొంగమాట చెప్తే ఆ పిల్ల భయం తీరదు, ఈ పిలగాని నెత్తిమీది బరువూ దిగదు.

"డిస్టిలరీల పనిచేసిన సార్. రమ్ము తీసే కాడ. మడ్డి పులియబెట్టుడే నా డ్యూటీ."

కామేశ్వరరావు కనుబొమ్మలు పైకి లేచాయి. "ఎన్నేళ్ళు?"

"పదకొండు."

"అయితే మీకంటే తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల దొరకరు. చూసి చెప్పండి, ఏం చేద్దాం?"

అంతే. ఆరేళ్ళుగా భయపడ్డ మాట అంత తేలిగ్గా పోతుందని రాజనర్సు అనుకోలేదు. మళ్ళీ బాన వైపు తిరిగాడు.

"దీన్ని పారబొయ్యాలె సార్. గోలెం కడిగి ఎండబెట్టాలె. కానీ నీళ్ళు వచ్చే తొవ్వ బంద్ చెయ్యకపోతె మల్ల గిట్లనే అయితది."

"ఏముందండీ, ఈ కుర్రాణ్ణి జాగ్రత్తగా కడగమంటే సరి. ఏరా ముఖ్తార్, చెప్పానా లేదా నీకు?"

ముఖ్తార్ తల వంచుకున్నాడు. రాజనర్సు జేబులోంచి నీళ్ళ సీసా తీసి వరండాలోకి నడిచాడు. గోడ వారగా, గడపకు నాలుగడుగుల దూరంలో గుక్కెడు నీళ్ళు పోశాడు. నీళ్ళు వాకిట్లోకి పోవాల్సింది పోయి మెల్లగా గడప వైపు తిరిగాయి. తలుపు కింద సందులోంచి లోపలికి జారి, గోడ వెంట పాకుతూ, బానకు దగ్గరగా ఉన్న సాలులోకి దిగాయి.

"కర్ర పట్టినోని తప్పు గాదు సార్. వరండ వాటం లోపటికున్నది. ఎవ్వలు కడిగినా గిట్లనే పోతయి. బాగుచేసినప్పుడు లెవల్ చూసుకోలె."

కామేశ్వరరావు ఆ నీటి గీతను చాలాసేపు చూశాడు. తరువాత వాకీటాకీ నడుముకు తగిలించుకున్నాడు. "నేను రిపోర్టులో నీళ్ళు చేరి పాకం చెడిపోయిందని రాస్తాను. ఉన్నమాటే అది. అంతకుమించి ఒక్క ముక్క రాయను. సబ్రీన్, నువ్వూ అదే చెప్పమ్మా."

"నిన్నటిది..." అంది సబ్రీన్ రాజనర్సు వైపు చూస్తూ.

"నిన్నటిది మంచిగనే ఉండె బిడ్డా. పాపం పుణ్యం సంగతి మీ పెద్దలనడుగు, నాకెరుక లేదు. పులిసిన సంగతి మాత్రం నేను చెప్త. నిన్న పులువలేదు."

ఆమె కళ్ళు ఒత్తుకుని నవ్వింది.

బాన ఖాళీ చేసేసరికి గంట పట్టింది. రాజనర్సు, ముఖ్తార్ ఇద్దరే బకెట్లతో తోడి ఇంటి వెనకాల ఇసుకలో గుంట తీసి పోశారు. ప్రతిసారీ బరువైన బకెట్ ముఖ్తారే అందుకున్నాడు. ఈ లోపల బస్సు రేవుకు వెళ్ళి వచ్చేసింది. రాజనర్సు పడవలు చూడలేదు. సాయిబాబు అతనికి బిర్యానీ పొట్లం మాత్రం దాచిపెట్టాడు.

తిరుగు దారిలో బస్సులో ఒకటే గోల. "ఇన్నేండ్ల సంది మా నడుమనే కూసున్నవు గదనే, ఒక్క సీసన్న జేసి పెట్టకపోతివి!" అని ఒకడు. ఇంకొకడు ఖర్జూరాలు తెస్తానన్నాడు. రాజనర్సు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నవ్వులాటకే అయినా ఆ మాటలు క్యాంపు గేటు దాటి లోపలికి పోతాయని అతనికి తెలుసు.

పోయాయి. మంగళవారం సాయంత్రం రాజనర్సు డ్యూటీ నుంచి వచ్చేసరికి అతని గది ముందు క్యాంప్ బాస్ ముజఫ్ఫర్ అలీ నిలబడి ఉన్నాడు. హైదరాబాదు మనిషి, పెద్దవాడు. గదిలో ఏదో పులుస్తోందని ఎవరో చెప్పారట. మంచం కింద మూతపెట్టిన బకెట్ ఉంది. మూత అంచున నురుగు.

"యే క్యా హై రాజనర్సు? నాకు గిట్లాంటి ముచ్చట్లు వద్దు, ఖానూన్ తెలుసు గదా నీకు."

రాజనర్సు బకెట్ లాగి మూత తీశాడు. అది సాయిబాబు నిన్న రాత్రి రుబ్బిన దోసె పిండి.

ముజఫ్ఫర్ అలీ వంగి వాసన చూశాడు. "మా ఇంట్ల గూడ గింతే పొంగుతది" అని గొణిగి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అతను వెళ్ళిపోయాక సాయిబాబు పగలబడి నవ్వాడు. రాజనర్సుకు నవ్వు రాలేదు. ఆ రాత్రి దోసె సగమే తిన్నాడు.

వారం గడిచాక అదే ముజఫ్ఫర్ అలీ ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. పాత ఇంటి మేనేజరు కంపెనీకి రాసిన ఉత్తరమది. వరండా వాటం సరిచేయడానికి, గడపకు జిప్సం గట్టు కట్టడానికి మేస్త్రీ రాజనర్సును రెండు రోజులకు పంపమని పేరు పెట్టి అడిగారు. "సాఫ్ సాఫ్ రాసిండు, నిన్నే పంపాలంట" అన్నాడు ముజఫ్ఫర్ అలీ. ఆ బకెట్ సంగతికి మాఫీ అన్న మాట అతని నోట రాలేదు గానీ, కూర్చుని ఒక కప్పు చాయ్ తాగి వెళ్ళాడు.

రాజనర్సు వెళ్ళాడు. మొదటి రోజంతా వరండా గచ్చు తవ్వి వాటం వాకిలి వైపు తిప్పడానికే సరిపోయింది. ముఖ్తార్ కూలీ పని చేశాడు. రెండో రోజు పది గంటలకు గడప గట్టు కోసం తట్టలో జిప్సం కలిపాడు, కలిపాక పావుగంటలో వాడేయాలి. అప్పుడే కామేశ్వరరావు రెండు కప్పుల చాయ్ పట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. రమ్ము ఆ రంగులోకి ఎలా వస్తుందండీ? మడ్డి నల్లగా ఉంటుంది కాబట్టేనా?"

"కాదు సార్. బట్టీలకెళ్ళి నీళ్ళ తీరుగనే వస్తది. చెక్క పీపాలల్ల పోసి పెడితె చెక్క రంగు ఎక్కుతది. జర మాడిన చక్కెర గూడ కలుపుతరు."

అక్కడితో ఆపుదామనుకున్నాడు. కానీ ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. రాజనర్సు తొట్ల గురించి చెప్పాడు. నిండు తొట్టి మీద చెవి పెడితే సన్నటి వాన రేకుల మీద పడ్డట్టు వినబడుతుందని, ఆ చప్పుడు తగ్గిందంటే పని అయిపోయినట్టేనని చెప్పాడు. నురుగు పొంగి అంచు దాటిన రోజు అందరూ చెప్పులు వదిలి పరుగెత్తిన సంగతి చెప్పాడు. పండగకు ఇంటికి పోయినా బట్టల్లో ఆ వాసన వదిలేది కాదని, పెళ్ళాం సునంద సున్నిపిండితో వీపు రుద్దేదని చెప్పాడు. ముఖ్తార్ కూడా తట్ట పక్కన గొంతుక్కూర్చుని వింటున్నాడు.

చాయ్ చల్లారింది. ముఖ్తార్ ముందుగా చూసి, "అన్నా!" అన్నాడు.

తట్టలో జిప్సం రాయిలా బిగుసుకుపోయింది. రాజనర్సు తాపీతో పొడిచి చూశాడు. తాపీ దిగలేదు. తట్ట బోర్లించి, ముద్దను తట్టి తీసి పక్కన పడేసి, "ఇంకో సంచి తెంపు తమ్మీ, మల్ల కలుపుదాం" అన్నాడు.