ఆకుల్లో కలిసిపోయిన విల్లు

మా ఆయన ఎల్డన్ మొదటిసారి జింకను కొట్టుకొచ్చిన రోజున మా ఇంట్లో పండగ చేసుకునే యోగం లేకపోయింది. జింక వచ్చింది గానీ విల్లు రాలేదు.

ఆ విల్లు చేసింది మా నాన్న హోబర్ట్. అమెరికాలోని మా ఓజార్క్ కొండల్లో విల్లు పట్టి వేటాడేవాళ్లలో సగం మంది దగ్గర ఉన్నవి ఆయన చెక్కినవే. కొంతకాలంగా ఆయన చేతులు వణుకుతున్నాయి. కాఫీ కప్పు నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కాయే తాగేస్తుంది. ఉన్న ఓపికంతా కూడగట్టుకుని, విల్లులకి పేరుపడ్డ హెడ్జ్ చెట్టు దుంగలోంచి ఒక్క విల్లు తీసి అల్లుడి చేతిలో పెట్టి, ఇక నా వల్ల కాదని పని మానేశాడు. అది పోయిందంటే నాన్న చేతి విల్లు మా ఇంట్లో ఇంకొకటి ఉండదు.

చూడ్డానికి అది కన్నులపండగే. పిడికి పైనా కిందా ఉన్న రెండు బద్దలకీ నాన్న వార్నిష్ పూత మీద పూత వేసి అద్దంలా చేశాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఎల్డన్ విల్లెత్తగానే ఎండ తగిలి తళుక్కుమనేది, జింక తోక ఎగరేసి ఉడాయించేది, బాణం వెళ్లి ఓక్ చెట్టుకి గుచ్చుకునేది. గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి వేట శిబిరం గోడకి మేకు కొట్టడం మావాళ్ల ఆచారం. ఆ సీజను ముగిసేసరికి ఎల్డన్‌కి ప్యాంటులో దోపుకోవడానికి పనికొచ్చే చొక్కా ఒక్కటీ మిగల్లేదు.

"మెరుపు తగ్గించమని మీ మామగారికి చెప్పొచ్చుగా?" అన్నాను.

"మీ నాన్నేగా, నువ్వు చెప్పు."

ఇద్దరిలో ఒక్కరికీ ధైర్యం చాల్లేదు. నాన్న మా ఇంటికొస్తే చాలు, విల్లు తీయించుకుని ఒళ్లో పెట్టుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కూర్చునేవాడు.

చివరికి వేసవిలో ఎల్డన్ షెడ్డు తలుపు వేసుకుని ఆ వార్నిషంతా గీకేశాడు. గీకితే లోపలి చెక్క పసుపుకొమ్ములా బయటపడింది. దాన్ని కప్పడానికి బద్దల వీపు మీద, అంటే జింక వైపు తిరిగే పక్కన, పాము తోలు అతికిస్తానన్నాడు. చెక్కకి రక్షణ, పైగా ఎండుటాకుల రంగు. మరుసటి రోజు ఫ్రీజరు తెరిస్తే నా బ్లాక్‌బెర్రీల పక్కన రెండు కాపర్‌హెడ్ పాముల తోళ్లు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

"ఇవి ఉన్న ఇంట్లో నేనుండను."

"కొంచెం జరుపుతాలే, నీకూ చోటవుతుంది" అన్నాడు మహానుభావుడు.

చర్మపు జిగురు కాచి తోళ్లు అతికించాడు. గుడ్డపీలికలతో బిగించి కట్టి ఆరబెట్టాడు. రెండో వైపు వాల్‌నట్ తొక్కల రసం పట్టించి నల్లబరిచాడు. పని బాగా కుదిరిందని ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ జిగురుకి నీళ్లు పడవు, పైన పూత వేసి తీరాలి. పూత మాటెత్తితేనే ఎల్డన్‌కి గోడ మీది చొక్కా ముక్కలు కళ్లముందు ఆడేవి. "మళ్లీ మెరిపించమంటావా? చస్తే వెయ్యను" అని భీష్మించుకున్నాడు. నాన్న విల్లేదని అడిగినప్పుడల్లా తాడు మార్పించడానికిచ్చామని నేను కళ్లార్పకుండా చెబుతూ వచ్చాను.

అక్టోబరులో ఆ మధ్యాహ్నం ఎల్డన్ ఆడజింకను ఒక్క బాణంతో పడగొట్టాడు. అది పరిగెత్తి పడిపోతే, లాగడానికి రెండు చేతులూ కావాలి కదా, విల్లు ఆకుల మీద పెట్టి వెళ్లాడు. జింకను ట్రక్కు దాకా ఈడ్చి తిరిగొచ్చి చూస్తే విల్లు లేదు. ఉందనుకోండి, కనిపించలేదు. పాకి చూశాడు, కాళ్లతో ఆకులు కెలికి చూశాడు. చీకటి పడేలోగా నన్ను తీసుకెళ్దామని ఇంటికొచ్చాడు.

సంగతి విని నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "జింకలకి కనపడకూడదన్నావు. ఇప్పుడు నీక్కూడా కనపడ్డం లేదు. ఇంకేం కావాలి?"

"నవ్వు నవ్వు. పడమర చూశావా?"

పడమటి దిక్కున మబ్బు దిగి ఉంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇంతలో జింక కబురు ఎలా తెలిసిందో, తాజా కాలేయం ఉల్లిపాయలతో వేయించుకు తిందామని నాన్న ట్రక్కు మా వాకిట్లో ఆగింది.

"శభాష్ అల్లుడూ! ఏదీ, విల్లు తీసుకురా. ముద్దు పెట్టుకోవాలి."

ఎల్డన్ టోపీ తీసి చేతిలో నలుపుతూ అన్నీ చెప్పేశాడు. గీకడం, పాము తోలు, వెయ్యని పూత, ఆకులు. నాన్న తిడితే బాగుండేది. వెనక్కి తిరిగి ట్రక్కెక్కి, "పదండి" అన్నాడు. 

ముగ్గురం విల్లు పోయిన చోట, వాగు పక్క లోయలో దిగాం. అంతా ఎండుటాకులే.

"కొమ్మకో ఎర్ర గుడ్డ ముక్క కట్టాలని తోచలేదా?" నాన్న అడిగాడు.

"జింక పడిందన్న సంబరంలో మర్చిపోయాను మామయ్యా."

"చొక్కా ముక్కయినా కట్టాల్సింది. ఓ, మిగల్లేదు కదూ."

అంతలో వాన మొదలైంది. సన్నగా పట్టుకుని వదలకుండా కురిసింది. మోకాళ్ల మీద పాకుతూ ఆకులు తడిమాం. నాన్న ఒక పడిపోయిన మాను పక్కనే రెండుసార్లు తిరిగాడు, అలిసిపోయి దాని మీద కూర్చున్నాడు. జిగురు నానిపోతుంటుంది, విల్లు పాడైపోతుంటుంది అని నాలో నేను ఏడుస్తూనే వెతుకుతున్నాను.

"అమ్మాయ్, ఇలా రా. ఆ పసుపు ఏంటి?"

నాన్న కూర్చున్న మాను కిందే, ఆయన బూటుకి జానెడు దూరంలో, ఆకుల మధ్య పసుపుపచ్చటి గీత. జిగురు కరిగి పాము తోలు చుట్టుకుపోయి పక్కకి జారింది. లోపలి పసుపు చెక్క బయటపడింది. తోలు అలాగే ఉండుంటే ముగ్గురం దాన్ని తొక్కుకుంటూ పొద్దు పోయేదాకా తిరిగేవాళ్లం.

ఎల్డన్ తాడు విప్పి విల్లు అందించాడు. నాన్న బద్దని కంటికి ఆనించి పొడవునా చూశాడు. వంకర పోలేదు. తర్వాత వణుకుతున్న బొటనవేలితో చెక్క వీపు ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా తడిమాడు. హెడ్జ్ చెక్కకి వీపున ఒకే ఏడాదిలో పెరిగిన పొర అంతటా తెగకుండా ఉండాలి. గీకేటప్పుడు అది ఎక్కడైనా తెగిందా, లాగినప్పుడు విల్లు అక్కడే పుటుక్కుమంటుంది. 

"ఇది గీకింది నువ్వేనా?"

"నేనే మామయ్యా."

"ఎక్కడా పొర తెగలేదు."

"తెగకూడదనే కదా నెలరోజులు పట్టింది."

నాన్న విల్లు ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "పూత వేసి, ఆరాక ఇనుప పీచుతో రుద్దితే మెరుపు చస్తుంది. అడిగితే చెప్పేవాణ్ణి కాదూ?"

"అది మీకే తెలిస్తే, మరి అద్దంలా ఎందుకు మెరిపించారు?"

"చివరిది కదరా" అన్నాడు నాన్న. "వేటకని కాదు. నా కళ్లకి కనపడుతూ ఉండాలని మెరిపించాను."

 మా ఆయన, వానలో తడిసిన కోడిలా నిలబడి, "అయితే చివరిది కాకుండా చేద్దాం" అన్నాడు. "ఎలా పట్టాలో, ఎంత గీకాలో చెప్పండి. చేతులు నావి."

"నా షెడ్డులో ఇంకో దుంగ ఉంది. చీల్చి ఆరబెట్టినదే" అన్నాడు నాన్న. చెప్పి, తేలిగ్గా ఒప్పుకున్నట్టు కనపడ్డం ఇష్టం లేక, "తప్పు చేస్తే మాత్రం బూతులు పడతాయి" అని చేర్చాడు.

"ఆ విషయంలో నీ నోటికేం వణుకు లేదులే నాన్నా" అన్నాను నేను.

ఆయన పెద్దగా నవ్వాడు. విల్లు నా చేతికిచ్చి, మాను మీంచి లేవడానికి అల్లుడి భుజం అందుకున్నాడు.